ఫ్రిజ్ నూడుల్స్ కిట్‌తో స్టిర్ ఫ్రై: ముద్ద కాకుండా చేయడం ఎలా?

సూపర్‌మార్కెట్లో పాలు, పెరుగు పెట్టే చల్లటి అరల పక్కనే ఈమధ్య నూడుల్స్ స్టిర్ ఫ్రై కిట్లు కూడా పెడుతున్నారు. లోపల ఉడికించిన నూడుల్స్, తరిగిన కూరగాయలు, ఒక సాస్ ప్యాకెట్ ఉంటాయి. కొన్నిట్లో పైన చల్లుకోవడానికి నువ్వులో, వేయించిన ఉల్లిపాయ ముక్కలో చిన్న పొట్లంలో ఇస్తారు. తరిగే పని లేదు, ఉడికించే పని లేదు, పది నిమిషాల్లో భోజనం రెడీ అని కవర్ మీద ఉంటుంది. పది నిమిషాలన్నది నిజమే. కానీ కవర్ మీది బొమ్మలో నూడుల్స్ దేనికది విడివిడిగా మెరుస్తుంటే, మన పెనంలో మాత్రం మగ్గిపోయిన క్యాబేజీ, తెగిన నూడుల్స్, అడుగున పల్చటి సాస్ తేలతాయి.

చాలాసార్లు దీనికి కారణం పెనంలో చేరిన నీళ్లే. ముక్కల్లోంచి ఊరినవి కొన్ని, కడిగినప్పుడు పట్టుకున్నవి కొన్ని, నూడుల్స్ విడదీయడానికి మనం పోసినవి కొన్ని. ముక్కకు నీళ్లు అంటుకుని ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. వేపుడు రంగు, ఆ కమ్మటి వాసన బాగా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అందాకా జరిగేది ఉడకడమే, వేగడం కాదు. అందుకే కింద చెప్పేవాటిలో చాలావరకు పెనంలోకి నీళ్లు రాకుండా చూసే జాగ్రత్తలే.

కొనేటప్పుడు

ముందున్న బొమ్మ వదిలేసి ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మొదట చూడాల్సింది నూడుల్స్ ఉడికినవా, పచ్చివా అని. ఎక్కువ కిట్లలో ఆవిరి మీద ఉడికించి, అంటుకోకుండా కాస్త నూనె పట్టించినవే ఉంటాయి. కొన్నిట్లో మాత్రం పైన పిండి చల్లినట్టు కనిపించే పచ్చి నూడుల్స్ ఇస్తారు. వాటిని కాగే నీళ్లలో ప్యాకెట్ చెప్పినంతసేపు ఉడికించి, వార్చి, బాగా ఆరనిచ్చాకే పెనంలో వేయాలి. ఈ తేడా చూసుకోకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా పిండి రుచి పోదు.

తర్వాత ఉప్పు సంగతి. పోషకాల పట్టికలో అంకెలు చాలావరకు ‘ఒక సర్వింగ్‌కు’ ఇస్తారు. ప్యాకెట్లో ఎన్ని సర్వింగులున్నాయో ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఉదాహరణకు సర్వింగ్‌కు 800 మి.గ్రా. సోడియం, ప్యాకెట్‌కు మూడు సర్వింగులు అనుకుందాం. ఆకలి మీద ఒక్కరే అంతా తినేస్తే 2400 మి.గ్రా. అయినట్టు. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద తీసుకునే సోడియం 2000 మి.గ్రా.కు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు. కొన్ని లేబుళ్లు సోడియం బదులు నేరుగా ఉప్పు ఎంతో రాస్తాయి. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. ఈ సోడియంలో ఎక్కువ భాగం ఉండేది సాస్ ప్యాకెట్లోనే కాబట్టి ఎంత వేసుకోవాలన్నది మన చేతిలోనే ఉంది.

శాకాహారులు, అలర్జీలున్నవాళ్లు పదార్థాల జాబితా చాంతాడంత ఉన్నా సరే ఓపిగ్గా చివరిదాకా చదవాలి. పేరులో ‘వెజిటబుల్’ అని ఉన్నా సాస్‌లో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది), ఫిష్ సాస్ (చేపలతో చేసేది) ఉండొచ్చు. నూడుల్స్‌లో గుడ్డు ఉండొచ్చు. సోయా, నువ్వులు, వేరుశనగ సరేసరి. నూడుల్స్ బియ్యంవే కదా, గోధుమ ఉండదులే అనుకోవద్దు. మామూలు సోయా సాస్ తయారీలో గోధుమలు వాడతారు.

ఆఖరుగా కవర్‌లోంచి ముక్కల్ని చూడండి. అడుగున నీరు చేరినా, క్యాబేజీ అంచులు గోధుమరంగుకు తిరిగినా, కవర్ బెలూన్‌లా ఉబ్బినా అక్కడే పెట్టేయండి. అరలో వెనక వరుసలో ఉన్న ప్యాకెట్ల మీద తేదీ సాధారణంగా ఇంకాస్త దూరంగా ఉంటుంది. మొహమాటపడకుండా చెయ్యి లోపలికి పెట్టి తీసుకోండి. మిగతా సరుకులన్నీ కొన్నాక చివర్లో దీన్ని బుట్టలో వేసుకుంటే చల్లదనం పోదు.

ఇంటికి తెచ్చాక

నేరుగా ఫ్రిజ్‌లోకి. లోపల 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండలు మండిపోతూ 32 డిగ్రీలు దాటితే గంటే. ‘ఫలానా తేదీలోపు వాడాలి’ అని ఉంటే ఆ తేదీకి కట్టుబడండి. లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, దాన్ని వాసన చూసి పట్టలేం.

వండే తీరిక లేక ఫ్రీజర్‌లో పడేద్దామా అనిపిస్తుంది. నూడుల్స్ వరకూ ఫర్వాలేదు. ముక్కలు మాత్రం పనికిరావు. వాటి కణాల్లోని నీరు మంచుగడ్డలై గోడల్ని చీల్చేస్తుంది, కరిగాక ఆ నీరంతా బయటికొచ్చి ముక్క తోలులా సాగుతుంది. అలాంటివి పెనంలో వేగవు.

పొయ్యి వెలిగించక ముందు

స్టిర్ ఫ్రైలో ఒకసారి మంట పెట్టాక ప్యాకెట్లు చించడానికి, కత్తెర వెతకడానికి టైం ఉండదు. నూడుల్స్ తప్ప మిగతావన్నీ ముందే విప్పి గిన్నెల్లో పెట్టుకోండి. సాస్ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పగా ఉందా, తియ్యగా ఉందా, కారం ఎంత అన్నది ఇప్పుడు తెలిస్తే తర్వాత ఎంత పోయాలో తేల్చుకోవచ్చు.

ముక్కలు కడిగినవే అని ప్యాకెట్ మీద ఉంటే మళ్లీ కడగొద్దు. శుభ్రం పెరిగేదేమీ ఉండదు, తడి మాత్రం పెరుగుతుంది. పైగా సింక్‌లోని క్రిములు అంటుకునే ప్రమాదమూ ఉంది. కడిగినవి కాకపోతే కడిగి, పొడి బట్ట మీద పరిచి, పైన ఇంకో బట్టతో అద్దండి. నీళ్లు కారిపోయేలా కాసేపు జల్లెడలో పెడితే చాలదు. చేత్తో పట్టుకుంటే తడి తగలకూడదు.

ఇప్పుడు ఒక్క నిమిషం పని. దీన్ని ఏ కవరూ చెప్పదు, కానీ ఫలితంలో తేడా బాగా కనిపిస్తుంది. కలిపేసి ఇచ్చిన ముక్కల్ని రెండు కుప్పలు చేయండి. క్యారెట్, బ్రకోలీ, బీన్స్, కాడలు ఒకవైపు. క్యాబేజీ, ఆకులు, మొలకలు ఇంకోవైపు. ఒక్కో ఆకూ ఏరక్కర్లేదు, చేతికందినంత వరకు చాలు. బ్రకోలీ పువ్వులు మరీ పెద్దవైతే నిలువుగా రెండుగా చీల్చండి. కోసిన చదును భాగం పెనానికి ఆనితే అక్కడ రంగు బాగా వస్తుంది.

నూడుల్స్ విడదీయడం

కిట్‌లో అందరూ తడబడేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి తీసిన నూడుల్స్ ఇటుకలా బిగుసుకుని ఉంటాయి. ఉడికిన పిండిపదార్థం చల్లబడితే గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కేదీ ఇందుకే. మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో లాగితే తెగుతాయి. అలాగే పెనంలో వేసి గరిటెతో పొడిస్తే సగం తునకలవుతాయి, మిగతా సగం ముద్దగానే ఉండిపోతాయి.

మైక్రోవేవ్ ఉంటే ఇది చాలా తేలిక. నూడుల్స్‌ని గిన్నెలోకి తీసి 40 సెకన్ల నుంచి ఒక నిమిషం వేడి చేయండి. బయటికి తీసి చేత్తో నెమ్మదిగా వత్తితే పోగులు వాటంతటవే జారతాయి. మైక్రోవేవ్ లేకపోతే సీల్ విప్పకుండానే నూడుల్స్ ప్యాకెట్‌ని వేడినీళ్ల గిన్నెలో నాలుగైదు నిమిషాలు ముంచి ఉంచండి. కాగే నీళ్లు వద్దు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు. పైన వేడి నీళ్లు గుమ్మరించి వార్చమని చాలా ప్యాకెట్లు చెబుతాయి. అదీ పనిచేస్తుంది కానీ నాకు నచ్చదు, ఎందుకంటే నూడుల్స్ ఆ నీళ్లను పట్టుకుని నేరుగా పెనంలోకి తెస్తాయి. అలాగే చేయాల్సివస్తే అరనిమిషంలో వార్చేసి, పళ్లెంలో పల్చగా పరిచి ఆవిరి పోనివ్వండి. ఎలా విడదీసినా ఆఖరుకు అరచెంచా నూనె వేసి పోగులకు పట్టేలా కలపండి.

ప్యాకెట్ విప్పగానే సబ్బు వాసన లాంటిదేదో తగిలితే కంగారు పడకండి. పసుపు రంగు గోధుమ నూడుల్స్‌లో సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ లాంటి క్షారాలు కలుపుతారు. పోగు సాగుతూ గట్టిగా ఉండటానికీ, ఆ పసుపు రంగుకూ అవే కారణం. చాలామంది గుడ్డు వల్ల అనుకుంటారు. వాసన వేడికి పోతుంది. లావుపాటి ఉడాన్ రకంలో నిల్వ కోసం లాక్టిక్ ఆసిడ్ లాంటివి వేస్తారు కాబట్టి అవి కాస్త పుల్లటి వాసన వేస్తాయి. జాబితాలో ఆ పేరు ఉంటే సరే. జాబితాలో లేకుండా పుల్లటి వాసన వచ్చినా, పోగు వేలికి జిగురుగా అంటినా, రంగు మారిన మచ్చలున్నా పారేయండి.

పెనం, మంట, నూనె

ఇంట్లో ఉన్నవాటిలో వెడల్పైన పెనమో బాణలో తీసుకోండి. లోతు కన్నా వెడల్పు ముఖ్యం. హోటల్లో పొయ్యి మంట మన స్టవ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అక్కడ ఎంత సరుకు పడినా బాణలి చల్లారదు. మన దగ్గర ప్యాకెట్ మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే పెనం వేడి ఢమాల్న పడిపోతుంది, ముక్కలు నీరు వదులుతాయి, ఆ నీరు ఆవిరయ్యే బలం మంటకు ఉండదు. మంట పెంచుకోలేం కాబట్టి సరుకు తగ్గించుకోవాలి, రెండు వాయిలుగా వేయించుకోవాలి.

ఇనుప పెనమో, స్టీల్ పెనమో అయితే ఖాళీగానే బాగా కాగనిచ్చి, సన్నగా పొగ రాబోతుండగా నూనె వేయండి. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చొద్దు. సుమారు 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. నూనె ముందే వేసి మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద కాగనివ్వండి. రిఫైన్డ్ నూనె ఏదైనా సరిపోతుంది. వేయించిన నువ్వుల నుంచి తీసిన ఘాటైన నూనె ఉంటే అది దించాక వాసన కోసం రెండు చుక్కలు, అంతే. ఇండక్షన్, ఎలక్ట్రిక్ పొయ్యిల మీద పెనాన్ని గాల్లోకి లేపి ఎగరేస్తే వేడి తెగిపోతుంది. పెనం కదపకుండా అట్లకాడతో తిప్పండి.

వేయించే వరుస

చికెన్, రొయ్యలు, టోఫు (సోయా పనీర్), గుడ్డు లాంటివి కలపాలనుకుంటే వాటిని ముందు వేయించి పక్కన పెట్టేయండి. చికెన్‌ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టిస్తే రసం లోపలే ఉంటుంది. మధ్యలో 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే లావుపాటి ముక్కను చీల్చి చూడండి, గులాబీ రంగు కనిపించకూడదు. టోఫుని బట్టలో చుట్టి పైన బరువు పెట్టి నీరు పిండాకే వేయండి. దేనికీ ఉప్పు వేయొద్దు, సాస్‌లో కావలసినంత ఉంది.

ఇప్పుడు గట్టి ముక్కలు. సగం వేసి, పెనమంతా పరిచి, అరనిమిషం ముట్టుకోకుండా వదిలేయండి. పేరు స్టిర్ ఫ్రై అయినా ఆగకుండా తిప్పుతూ ఉంటే ముక్కకు రంగు పట్టదు. తర్వాత తిప్పండి, మళ్లీ వదలండి. రెండు నిమిషాలు చాలు. ఈ రెండు నిమిషాలూ కళ్లకన్నా చెవులు ఎక్కువ పనికొస్తాయి. ముక్క పడగానే వచ్చే చుయ్యిమనే చప్పుడు అలాగే సాగితే పెనం బాగా వేడిగా ఉన్నట్టు. ఆ చప్పుడు మెత్తబడి బుడబుడల్లోకి దిగితే అడుగున నీరు చేరినట్టు. వెంటనే సగం ముక్కలు పళ్లెంలోకి తీసేసి మంట పెంచండి, చప్పుడు మళ్లీ తేరుకున్నాక తిరిగి వేయండి. మూత జోలికి పోవద్దు. మూత పెడితే ఆవిరి లోపలే తిరిగి ముక్కలు మగ్గుతాయి.

తర్వాత క్యాబేజీ, ఆకుల కుప్ప. వీటికి ఒక్క నిమిషం. ఇంకా కాస్త పచ్చిగా ఉన్నాయనిపించేటప్పుడే తీసేయండి. పళ్లెంలో ఉన్నా వాటి వేడికి అవి కొంత మెత్తబడతాయి, ఆఖర్లో మళ్లీ పెనంలోకి వస్తాయి కూడా.

ఖాళీ అయిన పెనంలో అడుగున తడి ఉంటే ఆవిరయ్యేదాకా ఆగి, చెంచాడు నూనె వేసి నూడుల్స్ పరచండి. ఒక నిమిషం కదపొద్దు. ఒక అంచు ఎత్తి చూస్తే అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు కనిపించాలి. అప్పుడు పటకారుతోనో, రెండు అట్లకాడలతోనో కింద నుంచి పైకి ఎత్తి వదలండి. గుండ్రంగా కలియబెడితే తెగుతాయి. ఇంకో నిమిషం. చాలా కిట్లు ఈ మెట్టు లేకుండా నూడుల్స్‌ని ముక్కల మీదే వేసి సాస్ పోయమంటాయి. పని త్వరగా అవుతుంది, కానీ ఆ మచ్చల రుచి రాదు. నన్నడిగితే కిట్ తిన్నట్టుండటానికీ, వండుకుని తిన్నట్టుండటానికీ తేడా అక్కడే ఉంది.

సాస్

గిన్నెలో పోసుకున్న సాస్‌ని ముందుగా చెంచాతో బాగా కలపండి. చిక్కదనం కోసం వేసే పిండి అడుగున పేరుకుని ఉంటుంది. వేయించిన ముక్కలు, చికెన్ లాంటివి నూడుల్స్ మీదికి చేర్చి, సాస్‌ని మధ్యలో కాకుండా పెనం అంచుల వెంట పోయండి. వేడి అంచుకు తగలగానే బుసబుసమని పొంగి వాసన లేస్తుంది. మొదట మూడింట రెండు వంతులే. ఎత్తి కలిపి, రుచి చూసి, చాలకపోతే ఇంకాస్త. నాకైతే మొత్తం ప్యాకెట్ పోయాల్సిన అవసరం అరుదుగా కనిపిస్తుంది.

30 నుంచి 40 సెకన్లలో సాస్ చిక్కబడి పోగులకు పట్టుకుని నిగనిగలాడుతుంది. అదే ఆపాల్సిన సమయం. ఇందులో చక్కెర ఉంటుంది కాబట్టి ఇంకాసేపు ఉంచితే అడుగంటి చేదెక్కుతుంది. ముందే పోస్తే కూడా అదే గతి. ఇంకో మాట: సాస్ ప్యాకెట్‌లో మిగిలింది వృథా ఎందుకని నీళ్లు పోసి తొలిచి పెనంలో వేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ పొదుపు వద్దు. ఇంత కష్టపడి బయటికి పంపిన నీళ్లను చేతులారా లోపలికి తెచ్చుకున్నట్టే.

పొయ్యి ఆపాక నిమ్మరసమో, వెనిగరో ఒక చెంచా పిండితే తియ్యటి సాస్‌లు కూడా చురుగ్గా మారతాయి. మిరియాల పొడి, ఎండుమిర్చి తునకలు మీ ఇష్టం. కరకరలాడే పొట్లాన్ని పళ్లెంలో వడ్డించాక చల్లండి, పెనంలో వేస్తే మెత్తబడిపోతుంది.

తేడా వస్తే

అడుగున సాస్ నీళ్లలా నిలిస్తే అన్నీ కలిపి ఇంకా వేయించకండి, నూడుల్స్ చితికిపోతాయి. నూడుల్స్, ముక్కలు పటకారుతో పళ్లెంలోకి తీసి, మిగిలిన సాస్‌ని పెద్ద మంట మీద అరనిమిషం మరిగించి, చిక్కబడ్డాక తిరిగి కలపండి. ఉప్పు ఎక్కువైతే ఉప్పు లేకుండా వేయించిన క్యాబేజీ, గిలక్కొట్టి వేయించిన గుడ్డు కలిపితే సర్దుకుంటుంది.

మిగిలిపోతే రెండు గంటల్లోపు మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. మైక్రోవేవ్‌లో చెంచాడు నీళ్లు చిలకరించి, పైన మూత వదులుగా ఉంచి, మధ్యలో ఒకసారి కలిపి, పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. మిగిలిన సాస్‌నీ చిన్న గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి, అన్ని రోజుల్లోనే వాడేయండి.

మళ్లీ కొనాలా?

మొదటిసారి తినేటప్పుడు కిట్‌ని మొత్తంగా కాకుండా విడివిడిగా అంచనా వేయండి. నూడుల్స్ పోగు పళ్లకు తగులుతోందా, కూరగాయలు నూడుల్స్‌లో సగమైనా ఉన్నాయా, సాస్‌లో ఉప్పు, తీపి తప్ప ఇంకేమైనా తెలుస్తోందా? చాలా కిట్లలో నూడుల్స్ బాగుంటాయి, కూరగాయలు తక్కువ పడతాయి, సాస్ తియ్యగా ఉంటుంది. అలాగైతే అదే అరలో నూడుల్స్ విడిగా దొరుకుతాయేమో చూడండి. కూరగాయలు మీరే తరుక్కోవచ్చు. సాస్‌కు రెండు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, ఒక్కో టీస్పూన్ చక్కెర, వెనిగర్, అర టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లు, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి కలిపితే ఇద్దరికి సరిపోతుంది. కార్న్‌ఫ్లోర్ అడుగుకు దిగుతుంది కాబట్టి పోసే ముందు దీన్ని కూడా ఒకసారి తిప్పుకోవాలి.